త్రిఖండ కోదండ విజయం

శివధనుస్సును రాముడు రెండు ముక్కలు చేస్తే దేవతలు పూలవాన కురిపించారు, జనకుడు పిల్లనిచ్చాడు, పరశురాముడు దారికడ్డం వచ్చి కేకలేశాడు. ఈ కావ్యంలోని విల్లు సంచీలోంచి బయటికి రావడమే మూడు ముక్కలుగా వస్తుంది. దీనికి పూలు చల్లిన దేవత లేడు, పిల్లనిచ్చిన మామ లేడు. కేకలేసే పరశురాములు మాత్రం మైదానం నిండా ఉన్నారు. విల్లు విరవడాన్ని పూర్వకవులు వర్ణించాల్సినంతా వర్ణించేశారు. విడివిడిగా ఉన్న విల్లును బిగించి, దాని బాణం తిన్నగా పోయేలా చేయడమనే మహత్కార్యం మాత్రం ఎవరూ ఎంగిలి చేయకుండా ఈ కలం కోసం మిగిలింది.

గాండీవం సంగతే చూడండి. ఖాండవ దహనానికి ముందు అగ్నిదేవుడు దాన్ని వరుణుడి దగ్గర్నుంచి తెప్పించి అర్జునుడి చేతిలో పెట్టాడు. తరగని అమ్ములపొదులు రెండు ఇప్పించాడు, తెల్లగుర్రాల రథం ఇప్పించాడు, జెండా మీద కోతితో సహా. అలెన్ కీ మాత్రం ఇప్పించలేదు. ఆ వింటికీ నారికీ మధ్య ఎంత దూరం ఉండేదో, నారి మీద బాణం ఏ ఎత్తున ఆనేదో వ్యాసుడూ చెప్పలేదు, తెలుగు చేసిన ముగ్గురూ చెప్పలేదు. పద్దెనిమిది రోజుల యుద్ధంలో ఒక్క పూటైనా ‘ఆగు బావా, నాకింగ్ పాయింట్ జారింది’ అని రథం ఆపించినట్టు దాఖలా లేదు. అందుకే అది పురాణం. ఇది ట్యూనింగ్.

అంచేత తొలి నమస్కారం ఆ కీకే. ఓ షడ్భుజ స్వరూపిణీ! ఆరు ముఖాల కుమారస్వామికి తోబుట్టువువై, నడుము దగ్గర వంగి, రింగులో నీ అక్కచెల్లెళ్లందరితో కలిసి వేలాడుతూ, కావలసిన సైజు తప్ప మిగతా సైజులన్నీ ముందుగా చేతికందించే లీలామయీ! నువ్వు గడ్డిలో పడిపోతే మైదానమంతా మోకాళ్ల మీద ప్రదక్షిణ చేయించగలవు. ఈ కావ్యం పూర్తయ్యేదాకా కనబడుతూ ఉండు తల్లీ.

సంప్రదాయం ప్రకారం తర్వాత కుకవులను తిట్టాలి. ఈ రంగంలో కుకవి అంటే, బాణం గురి తప్పగానే వెనకనుంచి ‘ప్లంజర్ ఒక చుట్టు బిగించు’ అనే మహానుభావుడు. బిగిస్తే ‘వదులు చెయ్యి’ అంటాడు. వదులు చేస్తే ‘నేను ముందే చెప్పా’ అంటాడు. అతనికి సొంత విల్లు ఉండదు. ఉన్నా మూడేళ్లుగా సంచీ జిప్పు తీసి ఉండడు. ఆయనకో కుర్చీ వేయించి, కావ్యానికి దూరంగా వేపచెట్టు కింద కూర్చోబెడుతున్నాం.

ఇక కృతిభర్తకు షష్ఠ్యంతాలు: నారికి కట్టిన దారం ముడిని గోటితో అర మిల్లీమీటరు జరపగల సూక్ష్మహస్తునికి, జరిపిన సంగతి వెంటనే పుస్తకంలో రాసుకునే బుద్ధిమంతునికి, అడగందే పక్కవాళ్ల విల్లు ముట్టని నిగ్రహశాలికి, ఒకేసారి రెండు మరలు తిప్పని ధీరోదాత్తునికి, అలాంటివాడంటూ ఎక్కడైనా ఉంటే వానికి, ఈ కృతి అంకితం.

ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండాలి కదా. పురం, పర్వతం, ఋతువు, చంద్రోదయం, జలక్రీడ, వివాహం, విరహం, మంత్రాంగం, జూదం, ప్రయాణం, యుద్ధం ఇత్యాదులు. మధుపానం ఇక్కడ కుదరదు, విలువిద్య నేర్పే మాస్టారు ఒప్పుకోరు. మిగిలినవాటిలో కథకు అవసరమైనవి తప్పకుండా చెబుతాను. అవసరం లేనివి కూడా వీలుచూసుకుని కొన్ని చెబుతాను, ప్రబంధమంటే అదే కదా.

పురం విజయవాడ. ఋతువు గ్రీష్మం. వేరే ఊళ్ల మీదికి వెళ్లేముందు సూర్యుడు ఇక్కడే సాధన చేసుకుని వెళతాడు. పర్వతం ఇంద్రకీలాద్రి. ఆ కొండ మీదే అర్జునుడు ఘోర తపస్సు చేసి, బోయవాడి వేషంలో వచ్చిన శివుడితో కలియబడి, పాశుపతం సంపాదించాడని స్థలపురాణం. అంటే ఈ ఊళ్లో విలుకాళ్లు సామగ్రి కోసం తపస్సు చేయడం ద్వాపరయుగం నాటి ఆనవాయితీ. ఇప్పుడు రైజర్ అమెరికా నుంచో కొరియా నుంచో రావాలి, ప్లంజర్ జర్మనీ నుంచి రావాలి. ఆ పార్సిలు కస్టమ్స్ దాటి వచ్చేలోపు ఇంట్లో జరిగే తపస్సుకు శివుడైనా దిగిరావాల్సిందే. ఆనవాయితీ ఉత్తినే పోలేదు. ఈ ఊరి కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇలాంటి రికర్వ్ విల్లుతోనే ర్యాంకింగ్ రౌండులో 681 పాయింట్లు తెచ్చి నాలుగో స్థానంలో నిలిచాడు. అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో కాంస్యం కోసం పోరాడేదాకా వెళ్లాడు.

మన నాయిక అంత దూరం ఇంకా వెళ్లలేదు. కాలేజీలో చదువుతోంది, కుడిచేతి వాటం, కొత్త లింబ్స్ వచ్చాయి. తెల్లారి ఆరింటికల్లా నాన్న స్కూటర్ వెనక సంచీ వేసుకుని బయల్దేరింది. ప్రయాణ వర్ణన అయిపోయింది.

వివాహ ఘట్టానికి వద్దాం. వరుడు రైజర్, అంటే వింటి నడిమి భాగం: 25 అంగుళాల నిడివి, అల్యూమినియం దిమ్మను యంత్రంతో తొలిచి, బరువు ఎక్కడ అక్కర్లేదో అక్కడ గవాక్షాలు తెరిచి, పైన నీలిరంగు పూత పూసిన సుందరాంగుడు. వధువులు ఇద్దరు, పై లింబు, కింది లింబు. కార్బన్ పొరల మధ్య పలచటి గర్భంతో, కొనలు ముందుకు వంపు తిరిగిన వయ్యారాలతో, ఎవరి మీద వారి పేర్లు రాయించుకుని మరీ వచ్చారు, పైవారు కిందికీ కిందివారు పైకీ పోకుండా. పాణిగ్రహణం మహా సులువు. లింబు మొదలును రైజర్ కొసన ఉన్న గాడిలోకి తోస్తే ‘క్లిక్’ మంటుంది. వేదమంత్రాల నిడివి అంతే. మీడియం లింబులు కాబట్టి మొత్తం విల్లు 68 అంగుళాలైంది. లాంగ్ లింబులైతే 70 అయ్యేది.

తర్వాత సూత్రధారణ. నారి సన్నటి సింథటిక్ పోగుల పేట. రెండు కొసలా రెండు వలయాలు. శివధనుస్సు ఎక్కుపెట్టాలంటే అవతారపురుషుడు దిగిరావాలేమో కానీ, ఇక్కడ స్ట్రింగర్ అనే తాడు చాలు. దాన్ని రెండు కొసలకూ తొడిగి, కాలితో తొక్కి, రైజర్ పైకి లాగితే లింబులు వంగి నమస్కరిస్తాయి. అప్పుడు నారి వలయాన్ని పైకి జరిపి గాడిలో కూర్చోబెట్టాలి. తాడు లేకుండా తొడ సందున పెట్టి వంచేవారు వీరులు కారు. మెలితిరిగిన లింబుకు యజమానులు.

ఇప్పుడు బ్రేస్ హైట్. అంటే ఎక్కుపెట్టిన వింట్లో పిడి నుంచి నారికి ఉన్న ఎడం. వలచినవారి మధ్య ఎంత దూరం ఉంటే కాపురం నిశ్శబ్దంగా సాగుతుందో తేల్చడం ఎంత కష్టమో ఇదీ అంతే. 68 అంగుళాల వింటికి 8½ దగ్గర మొదలుపెట్టమన్నారు మాస్టారు. టి ఆకారంలో ఉండే బో స్క్వేర్‌ను నారికి తగిలించి అమ్మాయి కొలిచింది. కావలసినదానికి తక్కువ. నారిని విప్పి, మెలికలు వేసి, మళ్లీ తొడిగింది. మెలిక పెరిగితే నారి పొట్టిదవుతుంది, ఎడం పెరుగుతుంది. నాలుగు మెలికలకు ఓ వెంట్రుకంత. మళ్లీ నాలుగు. ప్రతిసారీ బాణం వేసి చెవి పెట్టి వినాలి. ఎడం సరిగా లేనప్పుడు వదిలిన విల్లు ‘ధన్‌న్‌న్’ అని చేతిలో గిలగిల్లాడుతుంది. సరైన చోటు దగ్గరపడేకొద్దీ ఆ మోత పొట్టిదై, బొంగురు తగ్గి, ఒక్క ‘టుప్’ దగ్గర ఆగుతుంది. పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం మోగిన కురుక్షేత్రాన్ని వర్ణించిన కవులు నన్ను క్షమించాలి. ఈ కావ్యంలో శబ్దం ఎంత తగ్గితే అంత విజయం. 8¾ అంగుళాల దగ్గర విల్లు నోరు మూసుకుంది.

తర్వాత టిల్లర్. వధువులిద్దరూ సమానులే గానీ కచ్చితంగా సమానులు కాకూడదు. పై లింబు మొదలు నుంచి నారికి ఎంత దూరమో, కింది లింబు మొదలు నుంచి ఎంత దూరమో కొలిస్తే పైది కొద్ది మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. బాణం వింటి నట్టనడుమ నుంచి కాకుండా కాస్త పైనుంచి పోతుంది గనుక, కింది లింబుకు పిసరంత బిగువు ఎక్కువ పెడతారు. దీనికి లింబ్ బోల్టులున్నాయి. అవే అసలు సింహాసనాలు. లోపలికి తిప్పితే బిగువూ, పౌండ్లూ పెరుగుతాయి. బయటికి తిప్పితే తగ్గుతాయి. పైవారికి సగం చుట్టు ఇచ్చి కిందివారికి ఇవ్వకపోతే కింద అలక. ఇద్దరికీ ఇస్తే బ్రేస్ హైట్‌కు అలక. ఇందాక నోరు మూసుకున్న విల్లు మళ్లీ తెరుస్తుంది. దక్షిణ నాయకుడు ఎంతమంది భార్యలను సమానంగా చూసుకున్నాడో వర్ణించిన ప్రబంధాలు మనకున్నాయి. వాళ్లెవరికీ మిల్లీమీటర్ల స్కేలు ఇవ్వలేదు, బతికిపోయారు. ఇక్కడ 4 మిల్లీమీటర్ల దగ్గర సంధి కుదిరింది.

ఇక కావ్యంలోకెల్లా చిన్నవాడు, కావ్యంలోకెల్లా పెద్ద విలన్ రంగప్రవేశం చేస్తున్నాడు. లేచి నిలబడండి. పేరు ప్లంజర్. రైజర్ పక్కటెముకలో ఒక రంధ్రం, ఆ రంధ్రంలో ఒక గొట్టం, ఆ గొట్టంలో ఒక స్ప్రింగు, దాని కొసన కందిగింజంత నున్నటి ముక్కు. బాణం పక్కన ఈ ముక్కు మీదే ఆని ఉంటుంది. పరిమాణంలో వామనుడు. కానీ మైదానంలో మనుషుల మనశ్శాంతిని మూడడుగుల్లో కొలిచి తీసుకోగలడు. అమెరికా విలుకాడు విక్ బర్జర్ పేరు మీద దీన్ని ఇప్పటికీ బర్జర్ బటన్ అనేవాళ్లున్నారు. దీనికి రెండు వరాలున్నాయి. ఎంత బయటికి పొడుచుకు రావాలో ఒక వరం, ఎంత గట్టిగా వెనక్కి తోయాలో రెండో వరం. మొదటిది సెంటర్ షాట్. వెనకనుంచి చూస్తే నారి లింబుల నడిమధ్యన కనబడేలా కళ్లు పెట్టి, బాణం మొన ఆ గీతకు పిసరంత ఎడమకు ఉండేలా సరిచేసి, ఇక దాన్ని ముట్టుకోకూడదు. రెండోది స్ప్రింగు బిగువు. దాన్ని ముట్టుకోకుండా ఉండగలిగినవాడు ఇంద్రియాలను జయించినట్టు.

ప్లంజర్ ఎందుకు అంటే బాణం గురించి ఒక రహస్యం విప్పాలి. ఇది వింటే పురాణాలు చదివేవాళ్ల మనసు చివుక్కుమంటుంది. బాణం తిన్నగా పోదు. వేళ్లనుంచి నారి జారేటప్పుడు పక్కకు దొర్లుతుంది. ఆ తోపుకు బాణం నడుము ముందు విల్లువైపు వంగి ప్లంజర్‌ను నొక్కుతుంది. మరుక్షణం ఎదురువైపు వంగుతుంది. ఆ రెండో వంపులో విల్లును ఒరుసుకోకుండా తప్పించుకుని, తోక కూడా అంటకుండా ఊపుకుని, ఎడాపెడా మెలితిరుగుతూ వెళ్లిపోతుంది. అడ్డంగా ఉన్న విల్లును చుట్టి వచ్చి, విల్లు లేదన్నట్టే గురికి చేరుతుంది. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ వేగంగా తీసే కెమెరాలతో ఈ నాట్యాన్ని ఫిల్ముకెక్కించేదాకా మామూలు కళ్లకు అది కనబడలేదు. రామబాణానికి తిరుగులేదంటారు. మెలిక మాత్రం ఉండే ఉంటుంది.

అయితే ఎంత వంగాలి? అతిగా వంగినా, అసలు వంగకపోయినా విల్లుకు తగులుతుంది. ఈ వంగుడు లక్షణానికి స్పైన్ అని పేరు. కొలిచే పద్ధతి శాస్త్రోక్తం. బాణపు కాడను 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పరిచి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. నడుము ఎంత కిందికి దిగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చదువుతారు. అర అంగుళం దిగితే 500. అంకె పెరిగేకొద్దీ మెత్తన. నాయిక బాణాలు 600, అంటే నడుము 15 మిల్లీమీటర్లకు పైచిలుకు దిగిన సుకుమారులు. స్వయంవరంలో ఇంత నిర్దాక్షిణ్యంగా వరుల నడుములు కొలిచిన రాకుమార్తె ఏ కావ్యంలోనూ లేదు. వాటి మొనలో 100 గ్రెయిన్ల బరువు, తోకన మూడు రెక్కలు.

రెక్కల గురించి ఒక మాట. ఇవి ఆస్థాన కవులు. రాజు ఎంత వంకరగా నడిచినా, వెనక నిలబడి, గాలిని పట్టుకుని, నాలుగు గజాల్లో నడక సరిచేసి, ‘మహారాజు బయల్దేరిందే ఇటువైపు’ అని లోకాన్ని నమ్మిస్తాయి. పోటీలో ఇలాంటివారే కావాలి. విల్లు నిజం చెప్పాలంటే మాత్రం వీరిని దర్బారు బయట నిలబెట్టాలి. అందుకే రెండు బాణాలకు రెక్కలు పీకేశారు. వాటిని బేర్ షాఫ్ట్ అంటారు. దిగంబర సన్యాసులు. పొగడరు, దాచరు, సర్దరు. విల్లు ఎటు తోస్తే అటే పోయి, అక్కడే గుచ్చుకుని, లోపమిదీ అని చూపిస్తారు. నా మట్టుకు ఈ కావ్యానికి నాయకుడు వీరే. కాకపోతే నాయకుడికి కనీసం ఒక ఆభరణమైనా ఉండాలని లాక్షణికులు పట్టుబడతారు.

యుద్ధం 30 మీటర్ల దగ్గర. సేనలు: రెక్కలున్న బాణాలు మూడు, లేనివి రెండు. అమ్మాయి వేళ్లకు ట్యాబ్, ముంజేతికి గార్డు, మెడలో నిమ్మకాయల దండ. ఈ చివరిది నాన్న ఏర్పాటు. నారి గడ్డానికి తాకేలా లాగింది. బాణం మొన, పూర్తిగా లాగామని చెప్పే క్లిక్కర్ రేకు కిందనుంచి వెంట్రుకవాసి వెంట్రుకవాసి జారుతోంది. అష్టదిక్పాలకులు ఊపిరి బిగబట్టారు. వేపచెట్టు కింద కుకవి కూడా. ‘టక్’ మంది రేకు. వదిలింది. విరహ వర్ణన ఇక్కడ చేయాలి. అంతసేపు గుండెలకు హత్తుకున్న నారిని విడిచి బాణం వెళ్లిపోయింది. కానీ అది సెకనులో చిన్న ముక్కలో ముగిసే విరహం, మేఘం చేత సందేశం పంపే వ్యవధి లేదు.

రెక్కల బాణాలు మూడూ పసుపులో ముద్దగా దిగాయి. కుకవి చప్పట్లు కొట్టాడు. దిగంబరులిద్దరూ ఎక్కడో పైన, ఎడమవైపు, ఎరుపు దాటి నీలంలో గుచ్చుకుని చూస్తున్నారు. కుకవి చప్పట్లు మానాడు.

మంత్రాంగం మొదలైంది. ఒకాయన లింబులే బాగాలేవన్నాడు. ఒకాయన బాణం మొన బరువు పెంచమన్నాడు. ఇంకొకాయనకు అబ్బాయి కంపౌండ్ విల్లు వేస్తాడట, అందులో ఈ బాధలుండవట. నాన్న చూపు మెల్లగా నిమ్మకాయల దండ వైపు పోయింది. కుకవి కుర్చీలోంచే చెయ్యెత్తి ‘ప్లంజర్...’ అన్నాడు.

‘సార్, ప్లంజర్ పావు చుట్టు తిప్పనా?’ అంది అమ్మాయి.

‘ఆగమ్మా,’ అన్నారు మాస్టారు. ‘ముందు పైకీ కిందికీ సంగతి తేల్చు, ఎడమా కుడీ తర్వాత. రెండూ ఒకేసారి మార్చావనుకో, ఏది పనిచేసిందో దుర్గమ్మకు కూడా తెలీదు.’

బేర్ షాఫ్ట్ పైన పడిందంటే నారి మీద బాణం తొడిగేచోటు కిందికి ఉందని అర్థం. వినడానికి తలకిందులుగా ఉంటుంది. అది కిందికి ఉంటే బాణం తోక కిందుగా, మొన పైకెత్తి బయల్దేరుతుంది మరి. కాబట్టి నాకింగ్ పాయింట్ పైకి జరపాలి. మందర పర్వతాన్ని జరిపి పాలసముద్రం చిలికిన దేవాసురులకు తాడుగా వాసుకి ఉన్నాడు. ఇక్కడ ఉన్నది దారం, గోరు, కాస్త ఉమ్మి. ముడి జరపాలంటే బిగువుండాలి, జరిగాక కదలకూడదు, జరిగేటప్పుడు కదలాలి. అమృతమథనంలో హాలాహలం పుట్టినట్టు ఇక్కడ అమ్మాయి నోట ఒక చిన్న మాట పుట్టింది. మాస్టారు విననట్టు నటించారు. 8 మిల్లీమీటర్ల దగ్గరున్న ముడి 9కి ఎక్కింది. దిగంబరులు నీలంలోంచి ఎరుపు ఎత్తుకు దిగారు. 10కి ఎక్కింది. రెక్కల బాణాలతో సమానంగా వరస కట్టారు, ఎడమకు మాత్రం అలాగే ఉన్నారు.

అప్పుడు జూదం మొదలైంది. కుడిచేతివాటం వాళ్లకు బేర్ షాఫ్ట్ ఎడమకు పోయిందంటే బాణం ఈ వింటికి కాస్త గట్టిది, తగినంత వంగడం లేదు. మందు: విల్లు పౌండ్లు పెంచడం, లేదా ప్లంజర్ స్ప్రింగు మెత్తబరచడం. పౌండ్లు పెంచితే టిల్లర్ కాపురం మళ్లీ రచ్చకెక్కుతుంది. కాబట్టి ప్లంజరే. కుకవి కుర్చీలోంచి సగం లేచాడు, జీవితమంతా ఈ క్షణం కోసమే ఎదురుచూసినట్టు. మాస్టారు చిటికెన వేలంత కీ అందించారు. పావు చుట్టు వదులు. దిగంబరులు ఒక జానెడు లోపలికి వచ్చారు. ఇంకో పావు. పసుపు అంచుకు చేరారు. ఇక్కడ ఆగినవాడు యోగి. ఇంకో పావు తిప్పినవాడు ధర్మరాజు. అమ్మాయి తిప్పింది. దిగంబరులు పసుపును దాటి కుడివైపు ఎరుపులోకి పోయి కూర్చున్నారు. ఇప్పుడు బాణం మరీ మెత్తది. రాజ్యం పోయింది, తమ్ముళ్లు పోయారు. పావులో సగం వెనక్కి తిప్పితే మళ్లీ దక్కారు.

ఇక్కడితో యుద్ధం ముగిసిందనుకున్న పాఠకులకు ద్రోణపర్వం గుర్తుచేయాలి. పది గంటలకల్లా అంతా చెదిరిపోయింది. ఒక దిగంబరుడు కుడికి, ఇంకొకడు ఎడమకు, రెక్కల బాణాలు కూడా గొడవపడ్డ అన్నదమ్ముల్లా తలో చోట. కుకవి గర్జించాడు. సభ రెండోసారి కూడింది. బోల్టులు తిప్పమన్నారు, బాణం ఆనే రెస్ట్ మార్చమన్నారు, నారి మీద నిమ్మరసం రాయమన్నారు. అమ్మాయి చెయ్యి ప్లంజర్ మీదికి వెళ్లింది. మాస్టారు కీ తీసుకుని జేబులో వేసుకున్నారు.

‘విల్లు అలాగే ఉందమ్మా. నీ చెయ్యి మారింది. వేళ్లు చూసుకో.’

వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎండలో రెండు మూడు గంటలు 38 పౌండ్లు లాగిన వేళ్లు నారిని జార్చడం మానేసి పీకడం మొదలెట్టాయి. ఎంత మెత్తని ప్లంజరైనా ఆ పీకుడుకు ఏం జవాబు చెబుతుంది? అలిసిన చేతితో తిప్పిన ప్రతి మరా మర్నాడు తీరికగా లాగే చేతికి శత్రువే. కాబట్టి జలక్రీడా వర్ణన. కుండలోని మజ్జిగ, అందులో ఉప్పు, కరివేపాకు. నాన్న రెండో గ్లాసు కుకవికి కూడా ఇచ్చాడు. సంధి అప్పుడే కుదిరింది. విల్లు మళ్లీ మూడు ముక్కలై సంచీలోకి పోయింది.

మర్నాటి సూర్యోదయాన్ని వర్ణిస్తే అధ్యాయం పట్టదు. ఆరు గంటలకు నిన్న ఎక్కడ వదిలేశారో అక్కడే అంతా ఉంది. వేళ్లు తప్ప మరేదీ మారలేదని రుజువైంది. దిగంబరులిద్దరూ రెక్కల ముగ్గురి పక్కన పసుపులో దిగారు. పాదాల పౌడరు స్ప్రే తెచ్చి బాణాల తోకకూ, రెస్టు చుట్టూ చల్లి రెండు వేశారు. తెల్లటి పొడి మీద ఒక్క గీత కూడా పడలేదు. తోక విల్లును అంటకుండా పోతోంది. ఆ సాక్ష్యం మీద మాస్టారు సంతకం చేయలేదు గానీ, మీసం దువ్వుకున్నారు.

చంద్రోదయం ఇప్పుడు. 70 మీటర్ల దూరాన గడ్డి దిమ్మ మీద 122 సెంటీమీటర్ల కాగితం: తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, మధ్యలో పసుపు. ప్రబంధకవులు చంద్రుడిని ఇష్టమొచ్చినట్టు పెంచారు కానీ ఇక్కడ లెక్క ఉంది. పౌర్ణమినాటి చంద్రబింబం మన కంటికి ఎంత వెడల్పుగా కనబడుతుందో, ఇంత దూరం నుంచి ఆ పసుపంతా కలిపినా అందులో సగమైనా ఉండదు. పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు, చంద్రుడి వెడల్పులో ఐదో వంతు. ఎండలో అది ఇంకా చిన్నదైనట్టు అనిపిస్తుంది. పక్కనున్న చిన్న జెండా కృష్ణ మీద గాలి ఎటు లేచిందో చెబుతోంది.

అమ్మాయి గురి చూసే సైట్ కిందికి దించింది. దూరం పెరిగితే విల్లు పైకెత్తాలి మరి. లాగింది. రేకు ‘టక్’. బాణం సెకనూ ఇంకొంచెం సేపు ఆకాశంలో ఉంది. నడుము మెలికలు ఎప్పుడో సద్దుకున్నాయి, రెక్కలు తిరుగుతూ దాన్ని వంపుదారిన తీసుకెళ్లాయి. వేపచెట్టు కిందనుంచి కుకవి ‘తొమ్మిది!’ అని అరిచాడు. బైనాక్యులర్ మాస్టారి దగ్గర ఉంది. ఆయన ఏమీ అనలేదు. రెండోది, మూడోది. నాన్న నిమ్మకాయల దండ తీసి స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించాడు.

బాణాలు తీసుకురావడానికి అందరూ కలిసి నడిచారు. మూడూ పసుపులో ఉన్నాయి. పదిలో ఒక్కటీ లేదు. ముద్దగా, పదికి కింద, ఎడమవైపు.

‘గ్రూప్ బావుంది,’ అన్నారు మాస్టారు. ‘ఇక సైట్ కొంచెం జరిపితే చాలు. విల్లు ముట్టుకోకు.’

‘ప్లంజర్ ఒక్క...’ అన్నాడు కుకవి.

ముగ్గురూ ఆయన వైపు చూశారు. కావ్యంలో ఇంతవరకూ రాని రౌద్రరసం కొంత ఇక్కడ పోషించబడింది.

ఆశ్వాసాంతంలో గద్యం ఉండాలి. అమ్మాయి అట్టపుస్తకం చివరిపేజీలో రాసుకున్నదే ఇక్కడ ఎక్కిస్తున్నాను, నాకంటే బాగా రాసింది గనుక. ఇది శ్రీమదలెన్‌కీకటాక్షలబ్ధ సారస్వత, మజ్జిగపాన పునరుజ్జీవిత, కుకవిబోధ పరాఙ్ముఖ, విజయవాడాపుర నివాసిని ప్రణీతంబైన త్రిఖండ కోదండ విజయంబునందు ప్రథమాశ్వాసము: రైజర్ 25, లింబ్స్ మీడియం, వేళ్ల మీద 38 పౌండ్లు. బ్రేస్ 8¾ అంగుళాలు. టిల్లర్ పైన 4 మి.మీ. ఎక్కువ. నాకింగ్ 10 మి.మీ. షాఫ్ట్ 600, మొన 100 గ్రెయిన్లు. ప్లంజర్ మొదటి గుర్తు నుంచి ముప్పావు వదులు, అందులోంచి అరపావు వెనక్కి. నారి కొత్తది, ఇంకా సాగుతుంది. సోమవారం బ్రేస్ మళ్లీ కొలవాలి.